ఫారంలో ‘నో’ కొట్టే ముందు

(ఉత్తర వర్జీనియాలో తెలుగు కుటుంబాల కోసం, కాలేజీ విద్యార్థుల కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక డిఫెన్స్ కాంట్రాక్టు కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండీ. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో నేనేమీ రాసుకోనులెండి. (నవ్వులు)

ముందు నా ఉద్యోగం ఏంటో చెప్పేస్తాను. రక్షణ శాఖకి పనిచేసే ఒక ప్రైవేటు కంపెనీలో ఫెసిలిటీ సెక్యూరిటీ ఆఫీసర్‌ని. కొత్తగా చేరిన పిల్లలకి క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి, కావాలంటే ఆ కాగితాలు మొదలయ్యేది నా టేబుల్ దగ్గరే. ఇవ్వాలా వద్దా అని తేల్చేది మాత్రం ప్రభుత్వం. నేను లాయర్ని కూడా కాను. మీ సొంత కేసు ఏదైనా ఉంటే నా మాట విని సరిపెట్టుకోకండి, ఈ వ్యవహారం తెలిసిన లాయర్ని కలవండి.

చాంటిలీ, హెర్న్‌డన్, రెస్టన్ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగాల ప్రకటనలు చూడండి. ‘యాక్టివ్ సీక్రెట్ ఉండాలి’, ‘టీఎస్ ఎస్‌సీఐ వచ్చే అర్హత ఉండాలి’ అని పదే పదే కనిపిస్తుంది. అవి క్లియరెన్సులో స్థాయులు. అమెరికా పౌరులై ఉండాలి కాబట్టి మన మొదటి తరం వాళ్ళలో చాలామంది ఆ ప్రకటనల జోలికి వెళ్ళలేదు. ఇప్పుడు ఇక్కడే పుట్టి, ఇక్కడే కంప్యూటర్ సైన్స్ చదివిన పిల్లలు వెళ్తున్నారు. వాళ్ళు నా దగ్గర కూర్చున్నప్పుడు రెండు రకాల మాటలు వింటుంటాను. ‘కాలేజీలో గంజాయి తాగాను, ఇక నా పని అయిపోయినట్టే’ అనేది ఒకటి. ‘రాయకపోతే ఎవరికి తెలుస్తుందిలే’ అనేది రెండోది. మొదటి భయంలో చాలావరకు పస లేదు. కొంప ముంచేది రెండో ధైర్యమే.

క్లియరెన్సు కోసం నింపే ఫారం పేరు ఎస్‌ఎఫ్-86. ఇప్పుడంతా ఆన్‌లైన్లోనే నింపుతారు గానీ, ప్రింటు తీస్తే 130 పేజీలు దాటుతుంది. ఎక్కడెక్కడ ఉన్నారు, ఎక్కడ పనిచేశారు, ఏ దేశాలు తిరిగారు, విదేశాల్లో బంధువులెవరు, అప్పులేంటి, అన్నీ అడుగుతుంది. అందులో 23వ సెక్షన్ మాదకద్రవ్యాలది. గడిచిన ఏడేళ్ళలో వాడారా, కొన్నారా, అమ్మారా, ఎవరికైనా ఇచ్చారా. వాడితే మొదటిసారి ఎప్పుడు, చివరిసారి ఎప్పుడు, ఎన్నిసార్లు, మళ్ళీ వాడే ఉద్దేశం ఉందా. ఆ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా కేసులు దాని మీదే తిరుగుతాయి.

ఏడేళ్ళు దాటినవి కూడా వదలనిచోటు ఒకటుంది. క్లియరెన్స్ చేతిలో ఉండగా ఎప్పుడైనా వాడారా అని అడిగేచోట ‘ఎప్పుడైనా’ అంటే జీవితకాలం మొత్తం. అక్కడ లెక్క వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: ‘ఇక్కడ లీగలే కదా ఆంటీ?’ నిజమే. డీసీలో 2015 నుంచి, మన వర్జీనియాలో 2021 జులై 1 నుంచి, మేరీల్యాండ్‌లో 2023 జులై 1 నుంచి పెద్దవాళ్ళు కొద్ది మొత్తంలో గంజాయి దగ్గర పెట్టుకోవచ్చు. అది రాష్ట్రం మాట. క్లియరెన్స్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం. దాని చట్టంలో గంజాయి 1970 నుంచీ నియంత్రిత పదార్థాల జాబితాలోనే ఉంది. ఆ జాబితాలో పై మెట్టు నుంచి కింది మెట్టుకి దించినా, జాబితాలో ఉన్నంతకాలం మీ ఇష్టానికి తాగే వీలు రాదు. రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా సరే ఫెడరల్ చట్టం ప్రకారమే జవాబివ్వాలని ఆ సెక్షన్ మొదట్లోనే రాసి ఉంటుంది. షాపులో రసీదు ఇచ్చి అమ్మిన గమ్మీ, అంటే గంజాయి కలిపిన జెల్లీ బిళ్ళ, కూడా అందులోకే వస్తుంది.

అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంటుంది. దాన్ని చదివేవాళ్ళు తక్కువ. ఈ ప్రశ్నలకి మీరిచ్చిన నిజమైన జవాబుల్ని తర్వాత మీ మీద పెట్టే క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడరు అని. ‘నిజమైన’ అన్న మాట గట్టిగా పట్టుకోండి. తెలిసి తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అదే ఒక నేరం. ఫెడరల్ చట్టంలో 1001వ సెక్షన్, ఐదేళ్ళ దాకా జైలు. దీని మీద అందర్నీ జైలుకి పంపుతున్నారని కాదు. కానీ సంతకం పెట్టే పేజీలో ఆ సెక్షన్ నంబరు ఊరికే అచ్చు వేయలేదు.

సరే, రాశారనుకుందాం. ఏమవుతుంది? 2017 జూన్ 8 నుంచి అన్ని ఏజెన్సీలకీ ఒకటే కొలబద్ద ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ నుంచి ఎం దాకా 13 గైడ్‌లైన్లు. హెచ్ అంటే మాదకద్రవ్యాలు. ‘ఈ’ అంటే వ్యక్తిగత ప్రవర్తన. అబద్ధాలు, దాపరికాలు ఇందులోకి వస్తాయి. ప్రతి గైడ్‌లైన్‌లోనూ ఏది ఆందోళన కలిగిస్తుందో చెప్తారు, ఆ వెంటనే ఏది దాన్ని తగ్గిస్తుందో కూడా చెప్తారు. హెచ్‌లో తగ్గించేవి ఏంటో చూడండి. వాడి చాలాకాలం అయింది, అరుదుగా జరిగింది, మళ్ళీ జరిగే పరిస్థితి లేదు. ఆ స్నేహాలు వదిలేశారు, ఆ వాతావరణం నుంచి బయటికొచ్చారు. ఇకపై ముట్టుకోను, ముట్టుకుంటే క్లియరెన్స్ తీసేయవచ్చు అని రాసి సంతకం పెట్టారు. చికిత్స అవసరమైనవాళ్ళు పూర్తిచేశారు. ఇవన్నీ కాలం గడిచేకొద్దీ మీ వైపు మొగ్గేవే. 2021 డిసెంబరులో అప్పటి జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఎవ్రిల్ హేన్స్ ఏజెన్సీలకి ఒక సూచన పంపారు. గతంలో సరదాకి గంజాయి వాడడం పరిశీలనకి వస్తుంది గానీ, అదొక్కటే నిర్ణయం చేసేయదు అని. ఫారం మీద సంతకం పెట్టే నాటికి ఆపేయమని అభ్యర్థులకి చెప్పండి అని కూడా అందులోనే ఉంది.

కొకైన్, ఎల్‌ఎస్‌డీ లాంటివైతే బరువు ఎక్కువ. అమ్మి ఉంటే ఇంకా ఎక్కువ. ఇక నిన్న రాత్రి గంజాయి తాగి, రేపు కూడా తాగుతానని నిజం చెప్పినా పని జరగదు. ప్రస్తుతం అక్రమంగా వాడుతున్నవాళ్ళకి క్లియరెన్స్ ఇవ్వకూడదని 2008లో చట్టమే చేశారు. ఎఫ్‌బీఐలో ఉద్యోగానికి వేరే గీత ఉంది. గంజాయి విషయంలో ఒకప్పుడు మూడేళ్ళు దూరంగా ఉండాలనేవాళ్ళు, 2021లో దాన్ని ఏడాదికి తగ్గించారు.

ఇప్పుడు గైడ్‌లైన్ ‘ఈ’ దగ్గరికి వద్దాం. ఒక కుర్రాణ్ణి కల్పించి చెప్తాను. కల్పన అంటున్నా గానీ, డోహా అని రక్షణ శాఖ అప్పీళ్ళ కార్యాలయం ఒకటుంది, వాళ్ళ తీర్పులు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవచ్చు. పేర్లుండవు, అంతటా ‘అప్లికెంట్’ అనే ఉంటుంది. వాటిలో ఈ కథ మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. కాలేజీలో శని, ఆదివారాలు స్నేహితులతో గంజాయి తాగాడు. 21 ఏళ్ళకి మానేశాడు. 22కి ఉద్యోగం, ఫారంలో 23వ సెక్షన్ అంతా ‘నో’. సీక్రెట్ క్లియరెన్స్ వచ్చేసింది. నాలుగేళ్ళు బుద్ధిగా పనిచేశాడు. మంచి అవకాశం వచ్చింది, కానీ అక్కడ పాలీగ్రాఫ్, అంటే అబద్ధాలు పట్టే యంత్రంతో పరీక్ష, ఉంటుంది. పాలీగ్రాఫ్ అనగానే భయపడి కొత్త ఫారంలో నిజం రాశాడు. ఇప్పుడు అడ్జుడికేటర్, అంటే క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా తేల్చే అధికారి, ముందు రెండు కాగితాలున్నాయి. ఒకే మనిషి, ఒకే సంతకం, రెండు జవాబులు. ఆ గంజాయికి ఐదేళ్ళు నిండాయి, హెచ్ కింద దాదాపు పట్టించుకునేదేమీ లేదు. గైడ్‌లైన్ ‘ఈ’ కింద మాత్రం ప్రశ్న అప్పుడే పుట్టింది: అప్పుడెందుకు ‘నో’ అన్నావు? ‘మర్చిపోయాను’ అంటే వారం వారం చేసిన పనిని 22 ఏళ్ళ కుర్రాడు ఏడాదిలో ఎలా మర్చిపోతాడు? కొత్త ఉద్యోగం సంగతి అటుంచండి, చేతిలో ఉన్న పాత క్లియరెన్సుకే ఎసరు వస్తుంది.

ఆనాడే నిజం రాసుంటే? కొంచెం ఆలస్యమయ్యేది. ఇక్కడ నేను మీకు తియ్యటి కబుర్లు చెప్పను. నిజం రాసినవాళ్ళకి ఆ రాయడం వల్ల కష్టం ఉంటుంది. మధ్యంతర క్లియరెన్స్ రాకపోవచ్చు. అసలుది వచ్చేదాకా ఆగే ఓపిక అన్ని కంపెనీలకీ ఉండదు, ఆఫర్ పోవచ్చు. పక్కన అబద్ధం రాసినవాడు మూడు నెలల్లో పనిలో చేరిపోతే, నిజం రాసిన పిల్ల ఇంట్లో కూర్చుని ఈమెయిల్ కోసం చూస్తూ ఉంటుంది. ఇది న్యాయమా అంటే కాదనే అంటాను. అయినా పిల్లలకి నేను చెప్పేది ఒకటే: ఆ పిల్ల పోగొట్టుకునేది ఒక ఆఫర్, వాడు పోగొట్టుకునేది ఇక ముందు రాబోయే ఆఫర్లన్నీ. పైగా మాదకద్రవ్యం పాతబడుతుంది గానీ, అబద్ధం ఫారం నింపిన ప్రతిసారీ మళ్ళీ కొత్తదవుతుంది.

ఎలా బయటపడుతుందని అడుగుతారు. పాలీగ్రాఫ్ ఒక్కటే కాదండీ. ఇన్వెస్టిగేటర్లు మీ రూమ్మేట్‌తో, పక్కింటివాళ్ళతో, పాత మేనేజరుతో మాట్లాడతారు. మీరిచ్చిన పేర్లతో ఆగరు, ‘ఇతన్ని బాగా తెలిసినవాళ్ళు ఇంకెవరు?’ అని వాళ్ళనే అడిగి కొత్త పేర్లు పట్టుకుంటారు. మీతో కలిసి తాగిన స్నేహితుడే రేపు తన క్లియరెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మీ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో కూడా చెప్తాను. ఇన్వెస్టిగేటర్ వస్తారు, బ్యాడ్జి చూపిస్తారు, మీ ఫారంలో సెక్షన్ల వారీగా మళ్ళీ అడుగుతారు. గొంతు పెంచరు, బెదిరించరు. 23 దగ్గరికి రాగానే అదే ప్రశ్న, మామూలుగానే. తన దగ్గర ఏదైనా సమాచారం ఉన్నా అది ముందే బయటపెట్టరు, మీరేమంటారో చూస్తారు. ఆ కాస్త వ్యవధి మీ చేతిలో ఉన్న ఆఖరి అవకాశం. గైడ్‌లైన్ ఈలోనే రాసి ఉంది: వాస్తవాలు ఎదురుగా పెట్టకముందే, తనంతట తాను వెంటనే, మంచి ఉద్దేశంతో దిద్దుకుంటే అది మీ వైపు లెక్కలోకి వస్తుంది. కాగితం తీసి చూపించాక ‘అవునండీ, అది కూడా ఉంది’ అంటే రాదు. సగం చెప్పడం కూడా అంతే. ఇరవైసార్లు తాగి ‘రెండు మూడుసార్లు ట్రై చేశా’ అన్నారనుకోండి, రూమ్మేట్ ఇరవై అంటాడు. మీరు దాచింది గంజాయి కాదు, అంకె. అదీ దాపరికమే.

ఎందుకింత పట్టింపు? అందరూ బ్లాక్‌మెయిల్ అంటారు. అదీ నిజమే, దాచిన గుట్టు ఇంకొకడి చేతిలో ఆయుధమవుతుంది. నేను మాత్రం రోజూ చూసే కారణం ఇంకోటి చెప్తాను. రహస్య పత్రాలు చూసే గదిని స్కిఫ్ అంటారు. తలుపు బయట వరుసగా చిన్న చిన్న లాకర్లు ఉంటాయి, ఫోను, స్మార్ట్‌వాచీ అందులో పెట్టి తాళం వేసి లోపలికి వెళ్ళాలి. పొద్దున్నే హడావుడిలో ఎవడో ఒకడు జాకెట్ జేబులో ఫోనుతో లోపలికి వెళ్ళిపోతాడు. గంటయ్యాక గుర్తొస్తుంది. ఎవరూ చూడలేదు. అప్పుడు వాడు బయటికొచ్చి నాకు చెప్పాలి. చెప్తే రిపోర్టు, తలనొప్పి, మేనేజరు మొహం మాడ్చుకోవడం. చెప్పకపోతే ఆ రోజుకి ఏమీ జరగదు. మొత్తం వ్యవస్థ ఆ మనిషి తనంతట తాను వచ్చి చెప్తాడన్న నమ్మకం మీదే నడుస్తోంది. తన సొంత చరిత్ర అడిగితేనే చెప్పనివాడు, అడగని తప్పు చెప్తాడా? అడ్జుడికేటర్ వేసుకునే లెక్క ఇదే.

న్యాయస్థానాల్లో పోరాడవచ్చు కదా అనుకోకండి. 1988లో సుప్రీంకోర్టు ఈగన్ కేసులో తీర్పు ఇచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో బ్రెమర్టన్ దగ్గర ట్రైడెంట్ సబ్‌మెరైన్లని మరమ్మతు చేసే కేంద్రంలో పనిచేసిన కూలీ ఆయన. నేవీ క్లియరెన్స్ ఇవ్వనంది. కారణాల్లో పాత శిక్షలున్నాయి, తాగుడు సమస్య ఉంది, ఉద్యోగ దరఖాస్తులో రెండు పాత శిక్షలు చెప్పకపోవడం కూడా ఉంది. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదనీ, అనుమానం మిగిలితే నిరాకరణ వైపే మొగ్గాలనీ కోర్టు చెప్పింది. నేటికీ డోహా తీర్పుల్లో ఆ మాటలే ఎత్తి రాస్తారు. అంటే సందేహం మీకు లాభించదు. నిరూపించుకోవాల్సింది మీరే.

ఇప్పుడు తల్లిదండ్రుల వైపు తిరుగుతున్నాను. (నవ్వులు) కొంచెం చేదుగా ఉంటుంది, ఓర్చుకోండి. ‘రాయకురా, ఎందుకొచ్చిన గొడవ’ అన్న సలహా చాలాసార్లు ఇంట్లోనే పుడుతోంది. పిల్లాడు నిజం చెబుదామనుకుంటే మనమే పరువు అంటాం, పెళ్ళి సంబంధాలంటాం. ఈ ఫారం మన బంధువులు చదివేది కాదండీ. పిల్లాడు ఆ మాట మీ ముందు అనలేకపోతే వాణ్ణి ఒంటరిగా నింపుకోనివ్వండి, పక్కన కూర్చోకండి. నా ముందు ఒక తల్లి కుర్చీలో ఉన్నంతసేపూ ‘నో’, ఆవిడ కాఫీకి లేవగానే ‘అది మార్చొచ్చా?’ అని అడిగిన పిల్లలున్నారు.

ఇంకోటి, మన వాళ్ళకే ప్రత్యేకంగా తగిలేది. విద్యార్థులుగా వచ్చి, కన్సల్టెన్సీ ద్వారా ఉద్యోగంలో చేరి, తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అంటే ఏంటో ఈ హాల్లో ఎవరికీ నేను వివరించక్కర్లేదు. లేని ప్రాజెక్టు, పెంచిన ఏళ్ళు, ఇంకొకరు ఇచ్చిన ఇంటర్వ్యూ. ఎస్‌ఎఫ్-86 పదేళ్ళ ఉద్యోగ చరిత్రని సూపర్‌వైజర్ పేరుతో, చిరునామాతో సహా అడుగుతుంది. రెజ్యూమేలో ఎనిమిదేళ్ళు, ఫారంలో ఐదేళ్ళు ఉంటే ఏది నిజమని అడుగుతారు. గంజాయి ముట్టని పెద్దమనిషి కూడా గైడ్‌లైన్ ‘ఈ’లో చిక్కుకుంటాడు. అలాగే పౌరసత్వం ఫారంలో, అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అని అడుగుతారు. అక్కడ ఒక జవాబు, ఇక్కడ ఒక జవాబు ఉన్నవాళ్ళు ఏదీ నింపకముందే లాయర్ని కలవండి. అది క్లియరెన్సుతో ఆగే విషయం కాదు.

మందుల గురించి ఒక్క నిమిషం. పరీక్షల ముందు రూమ్మేట్ ఇచ్చిన అడరాల్ మాత్ర, అదే ఏకాగ్రత కోసం డాక్టర్లు రాసే మందు, వేసుకోవడం 23వ సెక్షన్ కిందికే వస్తుంది. మీ పేరు మీద రాయని మందు అది. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకునే మందుల్లో నిద్రకని ఆల్‌ప్రాజోలం, నొప్పికని ట్రామడాల్ ఉంటే, అవి ఇక్కడ నియంత్రిత పదార్థాలు. నడుంనొప్పి అన్న కొడుక్కి ప్రేమకొద్దీ ఒకటి తీసి ఇవ్వకండి. గంజాయి జాతి మొక్క నుంచి తీసే సీబీడీ నూనెలు కూడా చూసుకోండి. సీసా మీద రాసినదానికంటే లోపల టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, ఎక్కువ ఉండవచ్చు, పరీక్షలో పాజిటివ్ వస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీ అబ్బాయి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: అమ్మా, మా వాడి పేరు మీద శంషాబాద్ దగ్గర ప్లాటు ఒకటి ఉంది. వాడికి తెలియదు. రాయలేదు. అదీ అబద్ధమేనా?)

కాదండీ బాబాయి గారూ. తెలియనిది దాచలేం కదా. గైడ్‌లైన్‌లో మాట ‘ఉద్దేశపూర్వకంగా’ అని. కానీ ఇప్పుడు మీరు ఈ హాల్లో చెప్పేశారు. (నవ్వులు) వాడికి ఈ రాత్రే చెప్పండి. తెలిసిన క్షణం నుంచి అది వాడు రాయాల్సిన విషయమే.

(ఒక అమ్మాయి: మైనర్‌గా ఉన్నప్పుడు కేసు ఒకటి అయింది, లాయరు రికార్డు చెరిపేయించారు. ఇక ఎక్కడా చెప్పక్కర్లేదన్నారు.)

మామూలు ఉద్యోగాలకి ఆ లాయరు చెప్పింది సరే కావచ్చు. ఎస్‌ఎఫ్-86లో పోలీసు రికార్డు సెక్షన్, సీల్ చేసినా చెరిపేసినా చెప్పమనే అంటుంది, ఒకటి రెండు ఫెడరల్ మినహాయింపులు తప్ప. ఈ ఫారం తెలిసిన లాయర్ని మళ్ళీ అడుగు తల్లీ. వాళ్ళు రాసిచ్చిన సలహా దగ్గర పెట్టుకో. వృత్తిపరంగా సలహా ఇవ్వాల్సినవాళ్ళ మాట నమ్మి వదిలేస్తే, అది కూడా నీ వైపు మొగ్గే అంశమే.

(ఒక యువకుడు: క్లియరెన్స్ వచ్చాక డెన్వర్లో ఫ్రెండ్ బ్యాచిలర్ పార్టీకి వెళ్ళినవాడు ఒక్క గమ్మీ తిన్నాడనుకోండి...)

‘అనుకోండి’ అన్నావు కదా, అలాగే అనుకుందాం. ఇది కాలేజీ రోజుల లెక్కలోకి రాదు. రహస్యాలు చూసే అనుమతి ఉండగా వాడడం హెచ్‌లో వేరే అంశం, ఇందాక ‘ఎప్పుడైనా’ అన్న ప్రశ్న దీని గురించే. క్లియరెన్స్ పోవచ్చు. అయినా రిపోర్టు చేయాల్సిందే. ముందు లాయరు, ఆ తర్వాత సెక్యూరిటీ ఆఫీసరు. నాకు ఇక్కడ చెప్పినది మాత్రం రిపోర్టు కాదు.

(ఇంకో యువకుడు: నేను ‘నో’ అని పంపించేశాను. వచ్చే వారం ఇంటర్వ్యూ.)

అయితే ఈ వారంలోనే లాయర్ని కలువు. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, ఎన్నిసార్లు, ఎక్కడ, ఎవరితో అన్నది తగ్గించకుండా ఒక కాగితం మీద రాసుకో. ఇన్వెస్టిగేటర్ 23 దాకా వచ్చేవరకు ఆగక్కర్లేదు. కూర్చోగానే, ‘నా ఫారంలో ఒకటి తప్పుగా రాశాను, సరిచేయాలి’ అని నువ్వే మొదలుపెట్టు. ఎందుకు ‘నో’ అన్నావంటే భయపడ్డాననే చెప్పు, అంతకు మించిన కారణాలు వెతక్కు. ఇంకో సంగతి, ఇంటికెళ్ళి రూమ్మేట్‌కి ఫోన్ చేసి వాడేం చెప్పాలో నేర్పకు. వాళ్ళు వాణ్ణి అడిగే ప్రశ్నల్లో, నువ్వు ఈ మధ్య ఫోన్ చేశావా అన్నదీ ఉండవచ్చు.